షెవాలా చూపించిన చోటు

టీవీ వాళ్ళు వచ్చినప్పుడల్లా జియాద్ టోపీ సర్దుకుంటాడు. ఆ రోజు కూడా సర్దుకుని, చెక్క వంతెన కమ్మీకి ఆనుకుని, "మా షెవాలా బతికుంటే ఈ బుల్డోజరు ముందు మొదట కూర్చునేది తనే" అన్నాడు.

షెవాలా నా భార్య. పోయి రెండేళ్ళయింది. బిస్త్రవ నది మీద ఆనకట్ట వద్దంటూ మా ఊళ్ళో సంఘం పెట్టింది ఆవిడే. "మా షెవాలా" అన్న మాట నా చెవిలో ముల్లులా దిగింది. ఆవిడ గురించి నలుగురిలో నేను నోరు విప్పలేను. వీడికి అంత సులువుగా ఎలా వస్తుందో!

"ఏం మాష్టారూ, మొహం అలా పెట్టావు?" అంది హైరియా అక్క. ఇప్పుడు సంఘానికి అధ్యక్షురాలు ఆవిడే, బుల్డోజరు దాటకుండా వంతెన మీద కాపలా ఉన్నవాళ్ళకి కాఫీ కాచేదీ ఆవిడే. మొదటి గిన్నె జియాద్‌కిచ్చింది.

"ఎండ కళ్ళలో పడుతోంది."

"మబ్బు పట్టి ఉంటే నీకొక్కడికే ఎండొచ్చిందా?" అన్నాడు జియాద్. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. నేనేమన్నా ఎవరూ అలా నవ్వరు. నాది భూగోళం పాఠాలు చెప్పిన గొంతు.

ఆ నవ్వుల మధ్యే రాజధాని సరయెవో నుంచి దున్యా వచ్చింది. చేపల మీద పరిశోధన చేసే అమ్మాయి. సంఘం కోసం ఉచితంగా పని చేస్తోంది.

"ఈ నదిలో మ్లాదిత్స చేప గుడ్లు పెట్టదని కంపెనీ నివేదికలో రాశారు. పెడుతుందని వీడియోలో చూపిస్తే అనుమతి ఆగిపోతుంది. శుక్రవారమే విచారణ. గుడ్లు పెట్టే చోటు ఎవరికైనా తెలుసా?"

అందరూ జియాద్ వైపు చూశారు. పుట్టిన దగ్గర్నుంచి ఈ నదిలో గాలం వేసినవాడు కదా. అతను గిన్నెలోకి చూస్తూ, "చాలా పెద్ద నది అమ్మాయ్" అన్నాడు.

నా గుండె ఎగిరి గంతేసింది. వీడికి తెలియదు! నాకు తెలుసు.

పెళ్ళయిన మొదటి వసంతంలో షెవాలా నన్ను పాత పిండిమర దాటి నది ఎగువకి తీసుకెళ్ళింది. గట్టు మీద బోర్లా పడుకోబెట్టి, నోటి మీద చెయ్యి పెట్టి, "ఇది నీకూ నాకూ మాత్రమే" అంది. ఆ తర్వాత ప్రతి ఏప్రిల్లో వెళ్ళాం. ఆవిడ పోయాక ఒక్కణ్ణే వెళ్తున్నాను. జియాద్‌కి వాటా లేకుండా నా దగ్గర ఉన్నది అదొక్కటే. చెబితే రేపు టోపీ సర్దుకుని అక్కడా నిలబడతాడు.

చోటు బయటపడితే దొంగచాటుగా చేపలు పట్టేవాళ్ళు వస్తారని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ నా నోరు కట్టేసింది ఆ భయం కాదు.

బుధవారం సాయంత్రం దున్యా మా ఇంటి తలుపు తట్టింది. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. తడిసిన మేజోళ్ళు పొయ్యి పక్కన ఆరవేశాను. చారు పోస్తే రెండు చేతులతో గిన్నె పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ కాస్త వెచ్చదనానికే ఆ పిల్ల ముఖం ఎంత తేటబడిందో.

"ఎక్కడా కనబడలేదు మాష్టారూ. రేపొక్కరోజు చూసి వెళ్ళిపోతాను. మీ ఆవిడ ఉంటే చూపించేవారని అందరూ అంటున్నారు."

ఆనకట్ట కడితే కరెంటు కోసం నీళ్ళన్నీ గొట్టంలోకి మళ్ళిస్తారు. అసూయపడటానికి కూడా ఆ చోటు మిగలదు.

"రేపు పొద్దున్నే రా అమ్మా. ఒక్కదానివే రా" అన్నాను.

పొద్దున జియాద్‌తో వచ్చింది. కెమెరా స్టాండు అతని భుజం మీద ఉంది.

"బరువని మోసిపెడుతున్నారు" అంది దున్యా.

"నీకిష్టం లేకపోతే ఇక్కడే ఆగిపోతా మాష్టారూ."

ఆ పిల్ల ముందు ఆగిపొమ్మని ఎలా అనను? ముందు నడిచాను. మర దాటాక నది అడ్డంగా దాటాలి. అక్కడ ఒక బండ చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ కాలు పెడితే దొర్లుతుంది. జాగ్రత్త అని చెప్పబోయి వెనక్కి తిరిగాను. జియాద్ కిందికైనా చూడకుండా ఆ బండని వదిలేసి, ఎడమవైపు నీళ్ళలో మునిగి ఉన్న పలకరాయి మీద అడుగేశాడు.

దారి తెలిసినవాడి అడుగది.

ఎగువన, మోకాలి లోతు నీళ్ళలో ఆడ మ్లాదిత్స పక్కకి ఒరిగి, తోకతో గులకరాళ్ళు తవ్వుతోంది. ఒరిగినప్పుడల్లా రాగి రంగు మెరుస్తోంది. వెనకాల మగది కాపలా. దున్యా బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి వీడియో తీస్తోంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాను గొంతు తగ్గించి.

జియాద్ టోపీ తీశాడు. "మా నాన్న చూపించాడు. నేను షెవాలాకి చూపించాను. మీ పెళ్ళికి ముందు."

ఆవిడ నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇన్ని ఏప్రిళ్ళు నావే అనుకున్నాను.

"మరి మొన్న వంతెన మీద ఎందుకు చెప్పలేదు?"

"పెళ్ళయ్యాక వచ్చి, 'మా ఆయన్ని తీసుకెళ్ళాను, ఇక నువ్వు అటు రాకు' అంది. రాలేదు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఇవాళే చూడటం. నువ్వు నోరు తెరుస్తావా లేదా అని చూశా. నిన్నటికీ తెరవకపోతే నేనే తీసుకొచ్చేవాణ్ణి. ఆవిడ చేత తిట్లు పైకెళ్ళాక తినేవాణ్ణి."

అతని టోపీ చేతిలో ఉంది. కళ్ళు చేపల మీద ఉన్నాయి. ఆ ముఖంలో ఏమున్నదో నాకు తెలుసు. ఆవిడ లేని మొదటి ఏప్రిల్లో నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

దున్యా తల తిప్పి గుసగుసగా అడిగింది. "విచారణలో సాక్ష్యం కావాలి. ఏటేటా చూసినవాళ్ళెవరు?"

"మాష్టారు" అన్నాడు జియాద్ వెంటనే.

ఒప్పేసుకోవాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది.

"నాకన్నా ముందు చూసింది ఇతను" అన్నాను. "శుక్రవారం ఇద్దరం వస్తాం."

నిలబడితే చేపలు బెదురుతాయని జియాద్‌ని కూర్చోమన్నాను. షెవాలా ఎప్పుడూ నా ఎడమ పక్కన పడుకునేది. ఆ చోటు అలాగే ఉంచి, అతనికి కుడివైపు చోటిచ్చాను.