వీపు వైపు

ఎర్ర గౌను నడుము దగ్గర వదులుగా వేలాడుతున్న గుడ్డను వెనక్కి లాగి, మడిచి, క్లిప్పు బిగించింది పిన్నుల పిన్ని. నోట్లో ఇంకా పిన్నులు ఉన్నాయి. అందుకే ఆ గౌను తొడుక్కున్న పాటల అమ్మాయి ఏదో అడిగితే తల ఊపి ఊరుకుంది. పాటల వీడియోలు తీసే ఆ స్టూడియోలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎడమ మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండు, దాని నిండా గుచ్చిన పిన్నులు, అదే ఆవిడ ఆనవాలు. ఆవిడ తొడిగిన బట్టలు ముందు నుంచి చూస్తే ఒంటికి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. వెనక నుంచి చూస్తే ముళ్ళపందే. ఆ వెనకభాగం కెమెరా కంట పడకుండా కాచుకోవడమే ఆవిడ బతుకంతా చేసిన పని.

డైరెక్టర్లు ఆవిడతో పెద్దగా మాట్లాడేవారు కాదు, వేషం పేరు చెబితే చాలు. మంచి అమ్మాయి అంటే లేతరంగు, మెడదాకా బొత్తాలు. చెడ్డమ్మాయి అంటే ఎరుపు. భార్య అంటే ఒక్క మరక కూడా లేని వంటింటి ఏప్రన్. చదువుకున్నదంటే కళ్ళజోడు; పాట సగంలో అది తీసేసి జుట్టు విరబోసుకుంటే చాలు, అందగత్తె అయిపోతుంది. వంట చేసేదాని ఏప్రన్‌కి మరక ఉండదా అని మొదట్లో పిన్నికి అనుమానం వచ్చేది. పోనుపోను అడగడం మానేసింది.

కూతురు మానలేదు. బస్సు డిపోలో ఉద్యోగం ఆ పిల్లది. "వాళ్ళు మనుషులా అమ్మా, దుకాణంలో నిలబెట్టిన బొమ్మలా?" అనేది. తల్లి పనిచేసిన పాట ఒక్కటీ చూడలేదు. పిన్ని పైకి నవ్వేసేది గానీ, కూతురు చూసే పాట ఒక్కటైనా పడకపోతుందా అని లోపల కొట్టుకుపోయేది.

"మంచిది, చెడ్డది, భార్య, చదువుకున్నది, ఇవాళ ఆ నలుగురూ నేనే పిన్నీ," అంది పాటల అమ్మాయి. "నాలుగు వేషాలూ వేసి, ఆఖర్న ఈ ఎర్ర గౌనులో వెనక్కి తిరుగుతా. క్లిప్పులన్నీ కనబడాలి."

పిన్ని నోట్లో పిన్నులు తీసి దిండుకి గుచ్చింది. "కనబడితే నా పరువేం కానమ్మా?"

"పోయేది మీ పరువు కాదులెండి. ఇన్నాళ్ళూ ఇలాంటి పాటలు తీసినవాళ్ళది."

ఇదేదో వింతగా ఉందే అనుకుంది పిన్ని. ఈ పాట కూతురు చూడొచ్చు. పోనీ క్లిప్పులైనా ఒక వరసలో అందంగా పెడతానంటే, వద్దు, రోజూ ఎలా పెడతారో అలాగే ఉంచమంది ఆ అమ్మాయి.

పాట మొదలైంది. అమ్మాయి కులికింది, సిగ్గుపడింది, కళ్ళు తిప్పింది. లైటు స్టాండు పక్కన నిలబడ్డ పిన్నికి నవ్వాగలేదు. ఆ కులుకులన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఇంతలో అమ్మాయి వెనక్కి తిరిగింది. క్లిప్పులు లైట్ల వెలుగులో తళుక్కుమన్నాయి.

పిన్ని చేతులు ఆవిడ మాట వినలేదు. షాట్ అయ్యాక కప్పడానికి ఉంచిన శాలువా తీసుకుని తిన్నగా వెలుగులోకి నడిచి, అమ్మాయి వీపు మీద కప్పి, అంచులు సర్ది, భుజం తట్టింది. తట్టాక గానీ తనెక్కడ నిలబడిందో తెలియలేదు.

పాట ఆగిపోయింది. డైరెక్టర్ తల పట్టుకున్నాడు. "కొంప ముంచావు కదా పిన్నీ."

పిన్ని గబగబా వెలుగులోంచి పక్కకి తప్పుకుంది. కూతురు చూడబోయే ఒకే ఒక్క పాటని చేజేతులా పాడుచేసుకున్నానని ఏడుపొచ్చింది. పాటల అమ్మాయి మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని, తీసింది చూసుకునే తెర దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ చిన్న తెర మీద మణికట్టు దిండు, శాలువా, సర్దుతున్న వేళ్ళు. ఆ స్టూడియోలో ఇన్నేళ్ళున్నా తన చేతులు ఎలా ఉంటాయో పిన్ని మొదటిసారి చూసింది.

"ఇదే ఉంచుదాం," అంది అమ్మాయి. డైరెక్టర్ ఇంకోసారి చూసి, సరేనన్నాడు.

పిన్ని తెర ముందు నుంచి కదల్లేదు. "శాలువా కప్పుకున్నాక పాటలో ఈ పిల్ల ఏం చేస్తుందమ్మా?"

"నాకూ తెలీదు పిన్నీ. వెనక్కి తిరిగేంతవరకే రాసుకున్నాను."

"ముందైతే ఊపిరి పీల్చుకుంటుంది. ఆ గౌనులో ఎవరికీ ఊపిరాడదు."

సాయంత్రం బట్టల గదిలో గౌను ఒళ్ళో పెట్టుకుని, క్లిప్పులు తీస్తూ కూతురికి ఫోను చేసింది. "ఈ పాట నువ్వు చూడాలే."

"మళ్ళీ బొమ్మలేనా?"

"బొమ్మలే. కానీ వీపు వైపు నుంచి."

"సరే, చూస్తాలే. నువ్వు పెందరాళే వచ్చెయ్."

పిన్ని మణికట్టు దిండు విప్పి బల్ల మీద పెట్టింది. ఊపిరి పీల్చుకున్నాక ఆ పిల్ల ఇంటికెళ్తుందా? బస్సెక్కుతుందా? ఆ ఎర్ర గౌనుతోనే ఎక్కుతుందా? నవ్వొచ్చి కుర్చీలో వెనక్కి వాలింది. వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చిన పాటల అమ్మాయి, కునుకు పట్టిందనుకుని ఫ్యాను కాస్త తగ్గించి వెళ్ళిపోయింది. గది తాళం వేయడానికి వచ్చిన కాపలాదారు లేపబోతే, ఆవిడ ఇక లేవలేదు.

పాట బయటికి వచ్చాక, తల్లి వస్తువులు తీసుకెళ్ళడానికి కూతురు వచ్చింది. బట్టల గదిలోనే నిలబడి పాటల అమ్మాయి ఫోనులో ఆ పాట మొదట్నుంచి చివరిదాకా చూసింది. శాలువా దగ్గరికి వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. "మా అమ్మ చేతులు," అని, కత్తెర, దిండు సంచిలో వేసుకుని, ముఖం తుడుచుకుంటూ డిపోకి వెళ్ళిపోయింది.

కొక్కేనికి ఎర్ర గౌను వేలాడుతోంది. దాని నడుము దగ్గర, పిన్ని తీయకుండా మిగిలిపోయిన క్లిప్పు ఒకటి ఇంకా బిగించే ఉంది, దాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.