మీకు పడితే నాకూ పట్టినట్టే

ఇప్పుడు సిమెంటు బల్లలు వేశారు గానీ, ఆ రోజుల్లో రుసాపే ఊరి ఆసుపత్రి ముందు మామిడిచెట్టు కింద ఒక్క చెక్కబల్లే ఉండేది. గుండె బరువుతో వచ్చినవాళ్ళు కూర్చుంటే అది భూమిలోకి కుంగేది. పొద్దున్నే వాచ్‌మన్ జోనసీ దాన్ని పైకి లాగుతూ, "నిన్న నీమీద ఎవరే కూర్చుంది, ఇంతలా దిగబడ్డావు!" అని విసుక్కునేవాడు.

మనసు బాగాలేనివాళ్ళని నర్సు షువాయి ఆ బల్ల మీదే కూర్చోబెట్టి ప్రశ్నలడిగేది. నిద్ర పడుతోందా, తినబుద్ధవుతోందా, బతకాలనుందా? మొదటి ప్రశ్న దగ్గరే వచ్చేది చిక్కంతా. ఆ ఊళ్ళో పొద్దున్న ఎవరెదురైనా తమ రెండు చేతులూ మెల్లగా తట్టి, "బాగా నిద్రపట్టిందా?" అంటారు. "మీకు పడితే నాకూ పట్టినట్టే" అనాలి. పట్టలేదంటే ఎంత అమర్యాద!

ఒకరోజు గ్వాతిద్జో మాస్టారు బీపీ మాత్రల కోసం వచ్చారు. షువాయికి అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన సైకిలు బెల్లు వినబడితే పిల్లలంతా పరుగో పరుగు. అలాంటి మనిషి నడిచొచ్చారు.

"సైకిలేది మాస్టారూ?"

"జోనసీకి ఇచ్చేశాను. ఇంక నాకెందుకమ్మా?"

షువాయికి భయమేసింది. ఆయన కోళ్ళని పొరుగింటికి, పోయిన భార్య కోటుని చర్చికి ఇచ్చేశారని అప్పటికే విని ఉంది. గబగబా బల్ల మీద కూర్చోబెట్టింది.

"నిద్ర పడుతోందా?"

ఆయన చేతులు తట్టారు. "నీకు పడితే నాకూ పట్టినట్టే."

"సద్జా ముద్ద తింటున్నారా?"

"నువ్వు తింటే నేనూ తిన్నట్టే."

అన్నిటికీ అదే వరస. ఆయన మాటలు నమ్మితే ఊళ్ళో ఆయనంత సుఖపడేవాడు లేడు!

బల్ల మాత్రం కుంగుతూనే ఉంది. వెళ్ళొస్తానని లేవబోయేసరికి మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"ఈ జోనసీగాడు సరిగ్గా లాగినట్టు లేడే," అని నవ్వబోయారు. లేవలేకపోయారు.

షువాయి చెయ్యి అందించలేదు. వచ్చి పక్కన కూర్చుంది. ఆమె వైపు కూడా బల్ల దిగబడింది.

"నాకు నిద్రపట్టలేదు మాస్టారూ. అమ్మ పోయిన దగ్గర్నుంచీ పట్టట్లేదు."

మాస్టారు బిత్తరపోయారు. అలా అనేయొచ్చని ఆయనకి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. తట్టబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"అయితే నాకూ పట్టలేదే అమ్మాయ్. మా ఆవిడ పోయినప్పట్నుంచీ అంతే. ఈ ఆదివారంతో అన్నీ ముగించేద్దామనుకున్నాను."

చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. షువాయీ ఏడ్చింది. ఎండ నెత్తికెక్కేసరికి బల్ల కాస్త పైకొచ్చింది, ఆయన లేవగలిగారు. ఆమె ఆయన్ని డాక్టరుకి చూపించి, తనింటికే తీసుకుపోయింది.

ఆదివారం గడిచింది. సోమవారం పొద్దున జోనసీ బల్ల లాగుతుంటే వెనక అడుగుల చప్పుడైంది.

"బాగా నిద్రపట్టిందా మాస్టారూ?"

"లేదురా. ఓ గంట పట్టిందేమో. అది సరే, నా సైకిలు నాకిచ్చెయ్."