ఎల్రాయ్ వీబర్ దూడలు

మా హోల్డార్ఫ్ ఊరి బేస్‌బాల్ జట్టు మిన్నెసోటా రాష్ట్ర పోటీలకు అప్పటికి నాలుగుసార్లు వెళ్లింది. నాలుగుసార్లూ మొదటి ఆటలోనే ఓడిపోయి, సాయంత్రం పాలు పితికే వేళకు చక్కగా ఇంటికి చేరింది. ఆ నాలుగు ఓటములనూ దగ్గరుండి చూసినవాణ్ణి నేను. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి. ఒక్కటంటే ఒక్క గెలుపు, ఆఖరి బంతి దాకా, ఈ రెండు కళ్లతో చూడాలి. ఇంతకు మించి నాకు పెద్ద కోరికలేమీ లేవు.

మొన్న ఆగస్టులో ఐదోసారి అవకాశం వచ్చింది. జట్టును నడిపేది మా అన్న కూతురు కొరీన్. బడిలో లెక్కలు చెప్తుంది. జట్టు పగ్గాలు చేతికొచ్చిన మూడో ఏడుకే రాష్ట్ర పోటీల దాకా లాక్కొచ్చింది. మా అన్న పన్నెండేళ్లు నడిపి, ప్రాంతం దాటించలేకపోయాడు. ఆ మాట వాడి ముందు రోజుకోసారైనా అంటుంటాను.

రాష్ట్ర పోటీలకు వెళ్లే జట్టుకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మన ప్రాంతంలో ఓడిపోయిన జట్ల నుంచి ముగ్గురు పిచ్చర్లను అరువు తెచ్చుకోవచ్చు. వాళ్లు తమ ఊరి చొక్కా వేసుకునే వచ్చి మన కోసం బంతి విసురుతారు. జూన్, జూలై నెలల్లో నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ణి ఆగస్టులో "రా నాయనా, కూచో, ఏం తింటావ్" అని పిలుచుకోవాలన్నమాట. ఎవరిని ఎంచుకున్నారో సోమవారం రాత్రిలోగా చెప్పేయాలి. చెప్పాక వాడు రాలేదంటే ఆ చోటు ఖాళీయే.

సోమవారం పొద్దున ధాన్యం గిడ్డంగి పక్కనున్న కాఫీ కొట్లో కూచున్నాం. కొరీన్, నేను, లైల్. లైల్ నలభై ఏళ్లుగా మా జట్టు ఆటలన్నీ పుస్తకంలో రాస్తున్నాడు. ఏ బంతికి ఎవరు ఏం చేశారో ఆ పుస్తకం చూసి చెప్పగలడు. పెళ్లిరోజు మాత్రం వాళ్లావిడ గుర్తుచేయాలి.

"ఇద్దరు ఖాయం" అంది కొరీన్. "కాలేజీ కుర్రాడు ట్రెంట్, ఆ పొడుగాటి హఫ్‌మన్. మూడోవాడు కావాలి."

"ట్రెంట్ గంటకి తొంభై మైళ్లేస్తాడు" అన్నాడు లైల్, పుస్తకం తడుముతూ.

"వేస్తాడు, ఎక్కడికేస్తాడు?" అన్నాను. "మొన్న వాడేసిన బంతికి మస్టర్డ్ డబ్బా పగిలింది. మస్టర్డ్ డబ్బా ఎక్కడుంటుందిరా? తినుబండారాల కొట్లో!"

"నేర్చుకుంటాడు బాబాయ్. రెండేళ్లలో వాడు ఎక్కడుంటాడో చూడు."

"రెండేళ్ల తర్వాత సంగతి నాకెందుకే అమ్మాయ్? మన ఆట శనివారం. మనకి కొట్టేవాళ్లున్నారు, ఫర్వాలేదు. పట్టేవాళ్లున్నారు, మొదటి బేసు దగ్గర ఆ లావుపాటోడు వంగితే పట్టుకుంటాడు, వంగడు గానీ. తొమ్మిదింట్లో మొదటి ఐదారు ఇన్నింగ్స్ నీ కుర్రాళ్లు లాగుతారు. ఆఖర్న, కాళ్లొణికే వేళకి, కాళ్లొణకనివాడు ఒకడుండాలి. బంతి నెమ్మదిగా వెయ్యనీ, వేసినచోట పడాలి."

"ఎవరు?"

"రోషర్ ఊరి ఎల్రాయ్ వీబర్."

లైల్ కాఫీ గొంతులో అడ్డంపడి దగ్గాడు. కొరీన్ కప్పు కింద పెట్టింది.

"బాబాయ్, ఇవాళ వద్దు. నిజంగా వద్దు. సరదాలకిది టైం కాదు."

"సరదా కాదే!"

"కొత్త అంపైరుకి ఏం చెప్పావ్? మా ఊళ్లో రైలెళ్తే ఆట ఆపి టోపీ తియ్యాలని. పాపం, ఒక్క ఆటలో మూడుసార్లు తీశాడు."

"మర్యాద తెలిసిన మనిషి."

"నా పెళ్లికి కేకు మీద..."

"కేకు సంగతి ఇప్పుడెందుకే!"

నా బాధ ఇదే. యాభై ఏళ్లు అందరినీ ఆటపట్టించాను. ఇవాళ నిజం చెప్తే నమ్మేవాడు లేడు. పైగా ఎల్రాయ్ పేరు నా నోటినుంచి రావడం వాళ్లకు మరీ విడ్డూరంగా ఉంది. దానికీ కారణం ఉంది.

పంతొమ్మిదేళ్ల కిందట ఎల్రాయ్‌కి పాతికేళ్లు. రోషర్‌తో మా సొంత మైదానంలో ఆట. ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానం, మా వాడొకడు మూడో బేసు మీదున్నాడు. మైకు నా చేతిలో ఉంది, అప్పట్లో ఆటగాళ్ల పేర్లు చదివేది నేనే. ఎల్రాయ్ చెయ్యి పైకెత్తాడు. నేను మైకులో అన్నాను: "గమనిక. రోషర్ వైపు వీబర్ గారి పశువుల బండి తలుపు తెరుచుకుంది. ఎనిమిది దూడలు హైవే ఎక్కాయి."

ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఎల్రాయ్ హైవే వైపు తిరిగాడు. పిచ్చర్ బంతి విసరబోయి ఆగిపోతే తప్పు, బేసు మీదున్నవాడు ఒక మెట్టు ముందుకొచ్చేస్తాడు. మా వాడు మూడో బేసు నుంచి నడుచుకుంటూ వచ్చి పరుగు పూర్తిచేశాడు, మేం గెలిచాం. బండీ లేదు, దూడలూ లేవు. ఆ రోజు నుంచి ఎల్రాయ్ నాతో మాట్లాడలేదు. నా మైకూ ఊడింది. రోషర్‌లో వాడు బాట దాటుతుంటే ఇప్పటికీ ఎవడో ఒకడు "అంబా" అంటాడు.

"సరే, ఒట్టేస్తా" అన్నాను. "ఈ జట్టు మీద ఒట్టు. వాడి మొన్నటి ఆట చూశావుగా? తొమ్మిది ఇన్నింగ్స్, నూట మూడు బంతులు, ఒక్కణ్ణి కూడా ఊరికే బేసు మీదికి పంపలేదు. లైల్, చూడు నీ పుస్తకంలో."

లైల్ కాగితాలు తిప్పాడు. తల పైకెత్తి, "నిజమే చెప్తున్నాడే!" అన్నాడు, దెయ్యాన్ని చూసినట్టు.

కొరీన్ కాఫీ కప్పు పక్కకు జరిపింది. "అయితే నువ్వెళ్లి అడుగు. వాడు ఊ అంటే రాత్రి పేరిస్తా. ఊ అనకపోతే ఆ చోటు నా నెత్తిమీద పెట్టకు."

మధ్యాహ్నం రోషర్ వెళ్లాను. ఎల్రాయ్ కొట్టంలో ఉన్నాడు. వాడి ఆవిడ మార్డెల్ నన్ను చూడగానే నవ్వు ఆపుకోలేక చీపురు తీసుకుని లోపలికి పోయింది. వాడు మాత్రం ఆవు పొదుగు తుడుస్తూనే ఉన్నాడు.

"ఎల్రాయ్."

ఆవు తోక ఊపింది. వాడు ఊపలేదు.

"తప్పయిపోయింది రా అబ్బాయ్. పంతొమ్మిదేళ్లు ఆలస్యమైంది, నాకు తెలుసు."

"దూడలు దొరికాయా మామా?"

పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట అది.  

"మాకు నువ్వు కావాలి రా. శనివారం ఆఖరి ఇన్నింగ్స్‌లకి."

"వినపళ్ళా. పాలమిషన్ మోత."

మిషన్ ఇంకా పెట్టనేలేదు. అయినా గట్టిగా మళ్లీ చెప్పాను. వాడు ఇంకోసారి చెప్పించాడు. మూడోసారికి అరిచాను, కొట్టంలో నలభై ఆవులూ నా వైపు తిరిగాయి.

"సరే వస్తా" అన్నాడు. "నీ కోసం కాదు. ఆ పిల్ల కొరీన్ పద్ధతైన మనిషి. కాకపోతే రెండు షరతులు. మైకున్న గది పక్కకి నువ్వు పోకూడదు. మా బెంచీ పక్కనే, నాకు కనపడేలా, నోరు మూసుకుని కూచోవాలి."

"నోరా?"

"పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని కూచో. నోరు ఖాళీ అయితే నేను బంతి విసిరే దిబ్బ దిగిపోతా."

బయటికొస్తుంటే మార్డెల్ గుమ్మంలో నిలబడి, "శనివారం నీ బండెక్కడ పెడతావ్ బాబాయ్? మేమూ అక్కడే పెడతాం, కలిసి కూచోవచ్చు" అంది, ఎంతో ఆప్యాయంగా.

"పైన, వాలు దగ్గర. గెలిస్తే తాగడానికి బీరు పీపా తెస్తున్నా. ఆ ఎండకి అక్కడే కాస్త నీడ."

ఎంత మంచి పిల్ల అనుకున్నాను.

శనివారం మిట్టమధ్యాహ్నం ఆట మొదలైంది. మూడు వేలమంది. ట్రెంట్ మొదటి బంతిని వెనకనున్న కంచెకేసి కొట్టాడు. నేను కొరీన్ వైపు చూశాను, ఆమె నా వైపు చూడలేదు. కానీ నిజం చెప్పాలి, తర్వాత కుర్రాడు కుదురుకున్నాడు. ఐదు ఇన్నింగ్స్‌లో రెండే పరుగులిచ్చాడు. నా నోట్లో గింజలు లేకపోతే మెచ్చుకునేవాణ్ణే. హఫ్‌మన్ రెండు ఇన్నింగ్స్ లాగాడు. మా లావుపాటోడు బంతిని కంచె అవతలికి కొట్టి, నలుగురూ నడిచినంత నెమ్మదిగా పరిగెత్తి వచ్చాడు. మూడు–రెండు. మేం ముందున్నాం.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కి కొరీన్ దిబ్బ దగ్గరికి వెళ్లి ఎల్రాయ్ చేతిలో బంతి పెట్టింది. నీలం చొక్కాల మధ్య రోషర్ పచ్చ చొక్కా ఒక్కటే. పై వరసలో ఎవడో "అంబా" అన్నాడు. ఎల్రాయ్ తల తిప్పకుండా నా వైపు వేలు చూపించాడు. నేను ఇంకో గుప్పెడు గింజలు పోసుకున్నాను.

వాడు విసిరే బంతి చూస్తే మీరు నవ్వుతారు. పెళ్లి ఊరేగింపులా వస్తుంది. బ్యాటు తగలబోయే ముందు పక్కకి తప్పుకుంటుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముగ్గురు బ్యాటర్లు ముగ్గురూ తమ బ్యాటును తామే తిట్టుకుంటూ వెళ్లారు. తొమ్మిదోది. ఒకడు ఔట్. ఇంకొకడు ఔట్. మూడోవాడు గాల్లోకి కొట్టి రెండు బేసులు పట్టాడు, తర్వాత మా వాళ్ల చేతిలోంచి బంతి జారితే మూడో బేసుకొచ్చాడు. మూడో బేసు మీద ఒకడు, ఇద్దరు ఔట్, బ్యాటర్‌కి రెండు స్ట్రైకులు. ఇంకొక్క మంచి బంతి పడితే మూడో స్ట్రైకు, ఆట మాది. అరవై ఎనిమిదేళ్లు, ఇంకొక్క బంతి.

ఎల్రాయ్ అంపైరును కాస్త ఆగమని, వంగి బూటు తాడు కట్టుకున్నాడు. చాలా తీరిగ్గా కట్టుకున్నాడు.

మైకు కరకరమంది.

"గమనిక. హోల్డార్ఫ్ ఎర్ర ట్రక్కు, వాలు మీద పెట్టినది. వెనక తలుపు ఊడింది. బీరు పీపా దొర్లుకుంటూ కిందికి వస్తోంది."

వాలు కింద పిల్లలు ఉయ్యాలలూగుతున్నారు. పీపా బరువు నాకు తెలుసు, ఎక్కించింది నేనే. గింజలు ఉమ్మేసి లేచి పరిగెత్తాను. నా తుంటి ఎముక డాక్టరు చెప్పిన మాటలేవీ దారిలో గుర్తురాలేదు. "ఒక్క నిమిషం ఆగమనండి!" అని అరిచాను. ఆటను. మూడు వేలమందిని. కొట్ల మధ్యనుంచి, సాసేజీల వరసలోంచి, గేటు దాటి.

ట్రక్కు పెట్టినచోటే ఉంది. తలుపు వేసే ఉంది. పీపా ఐసులో చల్లగా కూచుంది. దాని మీద పాల లెక్కలు రాసుకునే కాగితం ఒకటి అంటించి ఉంది.

"దూడలన్నీ క్షేమం. – ఎల్రాయ్."

సరిగ్గా చదవడం అయిందో లేదో, వెనక మైదానం దద్దరిల్లిపోయింది. మూడు వేల గొంతులు. ఉయ్యాల మీద పిల్లలు కూడా ఊగడం ఆపి అటు చూశారు.

నేను చేరేసరికి మా వాళ్లంతా దిబ్బ మీద కుప్పగా పడున్నారు, ఆ కుప్పలోంచి పచ్చ చొక్కా చెయ్యి ఒకటి బయటికొచ్చి ఊగుతోంది. కొరీన్ ఏడుస్తూ, నవ్వుతూ నా మెడ కావలించుకుంది.

"చూశావా బాబాయ్? ఆ ఆఖరి బంతి చూశావా?"

"లేదే! ఏమేశాడు? వంకరదా, తిన్ననిదా?"

ఆమె వెనక్కి జరిగి నన్ను ఎగాదిగా చూసింది. పెదాలు బిగించింది. "అయ్యయ్యో" అంది. అంతే.

"లైల్! పుస్తకం చూపించరా."

లైల్ పుస్తకం మూసి, దాని మీదే కూచున్నాడు. నలభై ఏళ్ల స్నేహితుడు.

ఎల్రాయ్ టోపీ తీసి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఎక్కడికెళ్లావ్ మామా? నాకు కనపడేలా కూచోమన్నానుగా."

"ఒరేయ్, ఏం బంతిరా అది? ఒక్క ముక్క చెప్పు."

"వినపళ్ళా" అన్నాడు. "జనం మోత."

పీపా నేనే తెరిచాను, మొదటి గ్లాసు వాడికే పోశాను. పీపా మీద కాగితం అంటించి, మైకువాడికి కబురందించిన మార్డెల్‌కి కూడా పోశాను, రెండోసారి కూడా. హోల్డార్ఫ్‌లో, రోషర్‌లో ఆ బంతి చూసినవాళ్లు ఏడెనిమిది వందలమంది ఉంటారు. ఇవాళ్టికీ ఒక్కడు చెప్పడు. చర్చి ఫాదర్‌ని అడిగితే ప్రార్థించుకోమన్నాడు.

మర్నాడు రెండో ఆటలో పదకొండు–రెండుతో ఓడాం. అది మాత్రం కదలకుండా కూచుని, ఆఖరి బంతి దాకా మొత్తం చూశాను.