విత్తనాలకు పట్టించిన మందు

స్ప్రేయర్ వీపున వేసుకుని కొడితేనే ఆ ఇంట్లో అది మందు పని. టార్పాలిన్ మీద వేరుశనగ విత్తనాలు పోసి, క్లోరిపైరిఫాస్ పురుగుమందు ఒంపి, గింజగింజకూ అంటేలా రెండు చేతులతో కలపడం మాత్రం పిండి తడిపినంత మాట. అందుకే సోలార్ ప్లాంటుకు పోగా దాని కంచె పక్కన మిగిలిన రెండెకరాలకు ఈ ఏడూ నయనే కూర్చుంది. గ్లౌజులు తెమ్మంటే అత్త సుబ్బక్క నవ్వింది. "ముద్ద కలిపేదానికి గ్లౌజులేందే? మేమంతా కలపలేదా, సచ్చిపోతిమా?"

ఆ నవ్వుల మధ్యే డబ్బా చెయ్యి జారి సగం మందు ఒళ్లో పడింది. చీర తొడల దాకా తడిసింది. మార్చుకొస్తానంటే, విత్తే ట్రాక్టరు వచ్చి నిలబడిందని మొగుడు యోగీశ్ తొందరపెట్టాడు. "ఎండకి అదే ఆరిపోతాది, కానీ." ఆమె కానిచ్చింది. ఎప్పుడు కానివ్వలేదు కనుక!

మధ్యాహ్నానికి కళ్లు మసకబారాయి. నోటినిండా ఉమ్మి ఊరింది, వాంతులయ్యాయి, ఒళ్లంతా అదరసాగింది. ఆసుపత్రిలో డాక్టరు కంటిపాపలు చూసి "పురుగుమందు" అనేసి పక్క మంచానికి పోయాడు.

"చేన్లో మందు పని చేసిందా?" నర్సు యోగీశ్‌ను అడిగింది.

"లే సిస్టర్. మందు కొట్టేదంతా నేనే. ఈమె ఇంటికాడ ఊరికే ఉంటాది."

అతను అబద్ధమాడలేదు, పదేళ్లుగా నమ్మిందే చెప్పాడు. నయనకు అందుకే ఏడుపొచ్చింది.

"అయితే తాగినట్టే. ఏం కష్టమొచ్చిందమ్మా నీకు, తాగేంత?"

ముక్కులోంచి గొట్టం దించి కడుపు కడగడం మొదలుపెట్టారు. చీర కంపు కొడుతుంటే వాంతి అనుకున్నారు. మందు కడుపులో లేదనీ, ఆరీ ఆరని ఆ చీరలోనే ఉందనీ, ఇప్పటికీ తొడల్లోకి ఇంకుతోందనీ ఆమెకొక్కదానికే తెలుస్తోంది. చెబుదామంటే ముక్కులో గొట్టం, నోట్లో నురగ. తన ఒంటి సంగతి తాను చెప్పుకోలేక, చచ్చిపోతానేమోనని భయం పట్టుకుంది.

ఇక లాభం లేదని కుచ్చిళ్లు పట్టి లాగేసింది. వార్డులో అంతమంది మగాళ్లున్నారు. సిగ్గుపడే ఓపిక ఆమెకు లేదు.

"అయ్యో, మానం పోతాది!" సుబ్బక్క ఆ చీరనే మళ్లీ చుట్టి నడుముకు దోపింది. నయన మళ్లీ లాగింది.

"తాగినోళ్లు ఇట్లే పెనుగులాడతారు, పట్టుకోండప్పా," అంది నర్సు.

ఊరికే ఉండే ఆ రెండు చేతులను మంచానికి అదిమిపెట్టడానికి ముగ్గురు కావలసి వచ్చింది.