బీరువాలో రబ్బరు రింగులు

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, అమ్మ తమ్ముడు మామయ్య, నేను ఉన్నాం. వాకిట్లో కారు. మా ఇంట్లో కారునూ మనుషుల్లోనే కలుపుకుంటారు. దాని బాగోగులు అడిగినంతగా నావి అడగరు.

మర్నాడు పట్నంలో మోటారు పని నేర్పే బడిలో చేరడానికి ఆఖరి రోజు. నాకు సీటు వచ్చింది. నాన్న నాతో వచ్చి అక్కడే సంతకం పెట్టాలి. "కారు బాగుపడితే వెళ్దాంలే" అన్నాడు నాన్న. బాగుపడకపోతే ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు అడగడం చేతకాదు. అడగాల్సినవన్నీ డైరీలో రాసుకుంటాను, అది బదులు చెప్పదు.

కారు పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతోంది, ఎత్తు ఎక్కమంటే దగ్గుతోంది. ఇంజన్‌లోకి పెట్రోలును సన్నటి తుంపరగా చిమ్మే ఇంజెక్టర్ల ముక్కుల్లో మడ్డి పట్టింది. శుభ్రం చేస్తానని మామయ్య వచ్చాడు. ఆయనకు రాని పని లేదు. మా వంటింటి ఫ్యాను ఆయన బాగుచేసిన రోజు నుంచీ తిరగడం మానేసింది. ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

మామయ్య ఇంజెక్టర్లన్నీ పీకి, వాటికున్న రబ్బరు రింగులతో సహా గిన్నెలో మడ్డి కరిగించే మందు పోసి నానబెట్టాడు. పోయినేడు ఇదే పనికి కారును షెడ్డులో పెట్టినప్పుడు, నాన్న నన్ను కాపలా ఉంచి వెళ్లాడు. అక్కడి మెకానిక్ ముందు రింగులు తీసి పారేశాడు. "ఈ మందు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. తీసిన రింగు మళ్లీ వేస్తే పెట్రోలు కారుతుంది" అని ఎవరికో చెబుతుంటే విన్నాను.

కొత్త రింగులు లేక కాదు. నాన్న కొన్నాడు, అమ్మ బీరువాలో దాచింది. మా ఇంట్లో కొత్తదేదైనా బీరువాలోకే పోతుంది. కొత్త దుప్పటి అందులో ఉంటుంది, మేం చిరుగుల దుప్పటి కప్పుకుంటాం. పాతది ప్రాణం విడిస్తే గాని కొత్తదానికి వెలుతురు దక్కదు.

వంటింట్లోకి వెళ్లాను. "అమ్మా, బీరువా తాళం ఇవ్వవా. రింగులు కావాలి."

"మామయ్య అడిగాడా?"

"లేదు. పాతవి ఉబ్బిపోయాయమ్మా."

"వాడు అడిగితే ఇస్తాను. పెద్దవాళ్ల పనిలో నీకేం పని?"

వాకిట్లోకి వచ్చి మామయ్యకే చెప్పాను. ఆయన నా వైపు కూడా చూడలేదు.

"బావా, విన్నావా. మన పిల్లికి మాటలొచ్చాయి. బడిలో చేరకముందే నాకు పాఠాలు."

నాన్న నవ్వాడు. "ఉబ్బితే ఇంకా బిగుతుగా పడతాయిలేవే. కొత్తవి ఉండనీ, ముందు ముందు పనికొస్తాయి."

ఉబ్బిన రింగులు కన్నంలో దిగనని మొరాయించాయి. మామయ్య అరచేత్తో గుద్ది గుద్ది దించాడు. ఒక రింగు అంచు తెగి పైకి లేచింది. నాకు కనబడింది. చెప్పబోయాను, "నువ్వు కాస్త పక్కకు జరుగు తల్లీ, గాలి రానీ" అన్నాడు. పైపులు బిగించి, బ్యాటరీ తగిలించి, "కానీ బావా" అన్నాడు.

నాన్న తాళం తిప్పాడు. పంపు గుయ్యిమంది. ఆ తెగిన రింగు దగ్గర పెట్రోలు చివ్వున చిమ్మి ఇంజన్ మీద పారింది. నాన్న చేయి ఇంకా తాళం మీదే ఉంది, ఇంజన్ అందుకునేలా తిప్పబోతున్నాడు.

"నాన్నా, ఆపు."

అది నా గొంతేనా అనిపించింది. కిటికీలోంచి చేయి దూర్చి తాళం వెనక్కి తిప్పి లాగేశాను.

గుప్పున పెట్రోలు వాసన. మామయ్య చేతులు తుడుచుకున్నాడు. "పక్కన నిలబడి నస పెడుతుంటే పని ఎలా కుదురుతుంది బావా" అన్నాడు. నాన్న నా చేతిలోంచి తాళం తీసుకుని, అమ్మను కేకేసి బీరువా తీయమన్నాడు. అమ్మ ఆ ప్యాకెట్టు తెచ్చి నన్ను దాటుకుని మామయ్యకు ఇచ్చింది.

"ఇవి ఉన్నాయని ముందే చెప్పొద్దూ అక్కా" అన్నాడు మామయ్య.

కారిన పెట్రోలంతా గుడ్డలతో నేనే తుడిచాను. కొత్త రింగులు బొటనవేలితో నొక్కగానే దిగాయి. ఈసారి కారు వణకలేదు. "చూశావా బావా, నా చేయి పడితే ఎలా ఉంటుందో" అన్నాడు మామయ్య. నాన్న ఆయన భుజం తట్టాడు.

నేను లోపలికి పరిగెత్తి నా సర్టిఫికెట్ల కవరు తెచ్చాను. "నాన్నా, రేపు పెందలాడే బయల్దేరాలి."

"ఇప్పుడే మామయ్యను వాళ్ల ఊళ్లో దింపాలి. అమ్మ కూడా వస్తానంటోంది. రెండ్రోజులుండి వస్తాం."

"మరి సంతకం?"

నాన్న బానెట్ దించాడు. "నలుగురిలో నా చేతిలోంచి తాళం లాక్కునేదానివి. నిన్ను ఇంకా ఆ పనిలో పెడితే నా పరువేం కావాలి?"

మామయ్య ముందు సీట్లో కూర్చుంటూ, "వచ్చే ఏడు చూద్దాంలే పిల్లీ" అన్నాడు.

అమ్మ వెనక ఎక్కింది. నేను తలుపు అంచు పట్టుకున్నాను. "అమ్మా, నువ్వైనా చెప్పు. కారు బాగుపడితే తీసుకెళ్తానన్నాడు. బాగుపడింది కదా."

అమ్మ సంచి ఒళ్లో సర్దుకుంది. నాన్న వైపు చూసింది. నాన్న అద్దం తుడుచుకుంటున్నాడు.

"గేటుకు గొళ్లెం పెట్టుకో" అంది అమ్మ. "వేళ్లు తియ్యి, నలుగుతాయి."

తీశాను. అమ్మ తలుపు వేసేసుకుంది.