ముప్పై ఒక్క మైళ్ళు

ఆగస్టు మొదటి ఆదివారం వచ్చిందంటే చాలు, ఆల్డర్‌బీ సైకిలు సంఘం మగవాళ్ళు తెల్లారగానే సముద్రానికి తొక్కుకుంటూ బయల్దేరతారు. భార్యలు గిన్నెలు కడుక్కుని, ఫ్లాస్కుల్లో టీ పోసుకుని, గుడ్డు పెట్టిన రొట్టెలు కాగితంలో చుట్టుకుని కార్లలో వెళ్తారు. వెనక బయల్దేరినా ముందు చేరి కుర్చీలు వేసి ఉంచాలి. ఈనిడ్ ఇరవై ఆరేళ్ళుగా ఆ పని చేస్తోంది.

ఆ దారి సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. వెళ్ళాలని ఉన్నవాళ్ళకి తగ్గుతుంది, లేనివాళ్ళకి పెరుగుతుంది. రేవులో ప్రియురాలున్న పాలవాడికి నాలుగు మైళ్ళే. పన్ను పీకించుకోవడానికి పోయేవాళ్ళకి అరవై దాకా సాగుతుంది. పెట్రోలు పోసేవాడు “ఇవాళ నీకెంతొచ్చింది?” అని, వాన గురించి అడిగినట్టే అడుగుతాడు.

ఈనిడ్ మొగుడు క్లిఫర్డ్‌కి మాత్రం ఎప్పుడూ ముప్పై ఒకటే. పోయేటప్పుడూ అంతే, ఇంటికొచ్చేటప్పుడూ అంతే. చక్రానికి బిగించిన మైళ్ళ మీటరు చూపించి, “దారి నా దగ్గర వేషాలెయ్యదు” అనేవాడు. పెళ్ళైన కొత్తలో ఈనిడ్ కూడా మురిసిపోయింది, ఎంత నిలకడైన మనిషో అని. అప్పట్లో ఆమెకి సముద్రం నుంచి ఇల్లు మూడు మైళ్ళే. ఎప్పుడో చేరిపోయి, బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి, అతని కోసం కిటికీలో నిలబడేది. నిలకడకీ, ఏదీ పట్టకపోవడానికీ తేడా తెలిసేసరికి జుట్టు నెరిసింది.

ఈ ఏడు, ఒడ్డున టీ కొట్టు నడిపే స్నేహితురాలు బెరిల్ ఉత్తరం రాసింది. ‘పైగది ఖాళీ అయింది. వచ్చెయ్, ఇద్దరం కొట్టు చూసుకుందాం. ఆదివారం నాలుగింటిలోపు చెప్పు.’ ఈనిడ్ దాన్ని క్లిఫర్డ్ పళ్ళెం పక్కన పెట్టింది. అతను చదివి, దాని మీద టీ కప్పు పెట్టుకున్నాడు.

ఆమె మనసులో ఒకటే అనుకుంది. అతని మీటరు ఒక్క మైలు తగ్గితే నా కోసం వచ్చినట్టు. పెరిగితే నా నుంచి పారిపోవాలనుకున్నట్టు. అదీ ఒక పట్టింపే. ఈ రెండిట్లో ఏది జరిగినా ఇంటికే పోతాను.

మధ్యాహ్నం అతను చెమటలు కక్కుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“ఎంతొచ్చింది?” అంది ఈనిడ్.

“కొత్తగా అడుగుతావేంటి? ముప్పై ఒకటి. టీలో చక్కెర మర్చిపోయావ్.”

“బెరిల్ ఉత్తరం చదివావుగా. నేనిక్కడే ఉండిపోతే?”

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

“మరి వచ్చే ఏడు కుర్చీలెవరు తెస్తారు?”

“నెత్తిన పెట్టుకుని తొక్కవయ్యా, మహారాజా!” అంది పక్క కుర్చీలోంచి మావిస్, సంఘంలో ఇంకొకతని భార్య. అందరూ నవ్వారు, క్లిఫర్డ్ కూడా.

అయినా నాలుగింటికి ఇరవై ఆరేళ్ళ అలవాటు ఈనిడ్ కాళ్ళకి అడ్డం పడింది. “రాలేనే బెరిల్. రాత్రికి మాంసం ముక్కలు ఊరబెట్టి వచ్చాను.”

“మాంసం ముక్కల కోసం బతుకుతావటే?” అంది బెరిల్. పైగది తాళంచెవి మాత్రం మేకుకే ఉంచింది.

ఈనిడ్ కారు తీసింది. మొదటి మైలురాయి ఇంటికి నలభై అంది. తర్వాతది డెబ్భై. ఎండ వాలేసరికి నూట పది. పెట్రోలు ముల్లు అడుగుకొచ్చింది. ఆమె కారు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కారు వెనక్కి తిప్పింది. ఎదురుగా ఉన్న రాయి మీద ‘సముద్రం, ఒక మైలు’ అని ఉంది.

“ఎంత దాకా పోయావే?” అంది బెరిల్.

“నూట పది.”

బెరిల్ మేకు మీది తాళంచెవి తీసి చేతిలో పెట్టింది. ఇంతలో ఫోను మోగితే బెరిల్ ఎత్తింది.

“ఈనిడ్ ఉందా అక్కడ? బంగాళాదుంపలు ఇంకా పొయ్యెక్కలేదు” అంటున్నాడు క్లిఫర్డ్.

ఈనిడ్ ఫోను అందుకుని రెండు చేతులతో పట్టుకుంది. “ఒక్క మాట చెప్పు. ఇవాళ నీకు ఇల్లు ఎంతొచ్చింది?”

“ఉండు, చూసొస్తా.”

అడుగుల చప్పుడు దూరమైంది. పెరటి తలుపు కిర్రుమంది. ఆమె ఫోను చెవికి అదుముకుంది. అడుగులు మళ్ళీ దగ్గరికొచ్చాయి.

“ముప్పై ఒకటి” అన్నాడతను, ఎప్పటి గర్వంతోనే. “సరిగ్గా.”