పోల్చడానికి విడిచిన సగం

మా ఆయన నేరశాస్త్రం ప్రొఫెసర్. మనుషులు దొంగలెందుకవుతారో తెలుసుకోవడానికి జీవితం ధారపోశాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మాత్రం ఇప్పటికీ తెలియదు. జైలు నుంచి విడుదలైన వాళ్ళకు దారి చూపించే పథకం ఒకటి నడుపుతాడు. ఒక్కొక్కరిని ఒక పెద్దమనిషికి అప్పగిస్తారు. ఆ పెద్దమనిషి వాళ్ళను కలుస్తూ ఉంటాడు, పని చూపిస్తాడు, పూచీ పడతాడు. పేపర్ల వాళ్ళు మా ఆయన్ను దేవుడన్నారు. ఆ దేవుడితో కాపురం చేసేది నేను, నన్నెవరూ అడగలేదు.

అందులో ఒక మెలిక ఉంది. చేరిన వాళ్ళలో సగం మందికే పెద్దమనిషి దొరుకుతాడు. మిగతా సగం మందిని, ఏమవుతారో పోల్చి చూడటానికి, ఊరికే గమనిస్తారు. ఎవరు ఏ సగమో చీటీలు తీసి తేలుస్తారు.

జైలు నుంచి వచ్చిన మా తమ్ముడు కూడా అందులో చేరాడు. బావ పథకమే కదా అని వాడి ధీమా. వాడి చీటీ గమనించే సగంలో పడింది.

వెల్డింగులో వాడిది తిరుగులేని చెయ్యి. ఒక షెడ్డు యజమాని వాడి పని చూసి మెచ్చుకున్నాడు. పెద్దవాళ్ళెవరైనా ఒక్క మాట చెబితే రేపే రమ్మన్నాడట. వాడు పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"బావా, ఒక్క ఫోను చెయ్యి. చాలు."

మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాదనే ముందు ఆయన చేసే పని అదే.

"నీకు చేస్తే మీ సగంలో అందరికీ చెయ్యాలి. ఇంక పోల్చడానికేం మిగుల్తుంది? ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుంది."

"నీ బామ్మర్దిని కదా బావా."

"అందుకే అసలు చెయ్యకూడదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషివేనా నువ్వు? ఇటివ్వు, నేనే చేస్తాను" అని ఫోను లాక్కుని షెడ్డుకు చేశాను. యజమాని మర్యాదగానే మాట్లాడాడు. అక్కలందరూ తమ్ముళ్ళు బంగారమే అంటారమ్మా, సార్‌ను ఒక్క మాట చెప్పమనండి అన్నాడు. సార్ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు.

"వదిలెయ్యక్కా. బావ పని చెడిపోతుంది" అని తమ్ముడు చెప్పులేసుకున్నాడు.

కొన్నాళ్ళు దొరికిన కూలి చేశాడు. తర్వాత పాత స్నేహితులు కబురు పెట్టారు. ఒక నగల కొట్టు షట్టరును గ్యాస్‌తో కోస్తూ దొరికిపోయాడు. కోత చాలా శుభ్రంగా ఉందని పట్టుకున్న పోలీసాయనే అన్నాడు. మా ఆయన "పాపం" అని, రెండు సగాలకూ తేడా ఇప్పుడు బాగా తేలిందన్నాడు. ఆ పూట నేను వంట చెయ్యలేదు.

పథకంలో చివరి ప్రశ్నలు అందరినీ అడగాలట. అందుకని ఆయన జైలుకు బయల్దేరితే, తమ్ముణ్ణి చూడాలని నేనూ వెళ్ళాను. బల్లకు ఇటు మేమిద్దరం, అటు వాడు. చిక్కి సగమయ్యాడు వెధవ. ఆయన కాగితం చూసి వరసగా అడిగాడు, వాడు చెప్పాడు.

"బయట ఉన్నన్నాళ్ళూ నీకు అండగా నిలబడే పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

వాడు నావంక చూడలేదు.

"ఒకాయన ఉన్నాడు సార్. మా అక్క మొగుడు."

బావను వాడు సార్ అనడం అదే మొదలు.

"సాయం చేశాడా?"

"లేదు సార్."

"అయితే ఎవరూ లేరని రాసుకుంటాను" అని మా ఆయన రాసుకుని, తర్వాతి ప్రశ్న అడిగాడు.